డబ్లిన్ తడికలు

మా పుట్టిల్లు ఏటికొప్పాకకి దగ్గర్లోనే. వేసవి సెలవుల్లో తరిమెన పట్టేవాళ్ళ పక్కన గంటలకు గంటలు కూచునేదాన్ని. తిరిగే అంకుడు కర్ర మీద లక్క కణికె ఆనిస్తే ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రని కరుచుకుంటుంది. పైన మొగలాకు ఒత్తి పట్టుకుంటే ఆ రంగుకి అద్దం మెరుపు వస్తుంది. అక్కడో పెద్దాయన ఉండేవాడు. ఎవరి చేతికి బొమ్మ ఇచ్చినా ముందు బోర్లించి అడుగు చూడమనేవాడు. ఎవరూ చూడని చోట ఎలా చేశాడో చూస్తే చేసినవాడు తెలుస్తాడని ఆయన లెక్క. ఆ అలవాటు నాకూ అంటుకుంది. నున్నటి చెక్క కనిపిస్తే చెయ్యి వేస్తాను, వీలైతే వంగి కింద కూడా చూస్తాను. ఫర్నిచర్ షాపుల్లో మావారు నాతో సంబంధం లేనట్టు పక్కకి తప్పుకుంటారు.

జూన్‌లో డబ్లిన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాం. ఒక సాయంత్రం దానికి మీటింగులు తెమలలేదు. "అమ్మా, నువ్వేం తాగక్కర్లేదు, చెక్క చూసిరా" అని నాలుగు పాత పబ్బుల పేర్లు ఫోన్లో పంపింది. నాకు మొహమాటమే. మద్యం కొట్టు అంటే నా తరం ఆడవాళ్ళకి గుర్తొచ్చేది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి పాకిన సారా వ్యతిరేక ఉద్యమం. అలాంటి గడప నేత చీర కట్టుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని దాటడమా?

మావారికి మాత్రం కాలు నిలవలేదు. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పిన మనిషి. ఆ పాఠాల్లో వచ్చే 'స్టూడెంట్ టీ టెస్ట్' కనిపెట్టినాయన విలియం సీలీ గోసెట్. 1899లో డబ్లిన్ గిన్నిస్ బీరు కర్మాగారంలో ఉద్యోగానికి చేరాడు. తమ ఉద్యోగులు సొంత పేరుతో పరిశోధనలు అచ్చువేయడానికి కంపెనీ ఒప్పుకోలేదు గనక 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ఆ వ్యాసం రాశాడు. బార్లీ పంట మీద, బీరు మీద చేసే ప్రయోగాల్లో చేతికి దొరికేవి నాలుగైదు కొలతలే. అంత కొద్ది కొలతలతో ఎంతవరకు నమ్మకంగా చెప్పగలం అన్నదే ఆయన ప్రశ్న. "నాలుగు పబ్బులు, నాలుగు కొలతలు. గోసెట్‌కి సరిపోతుందోయ్" అని బయల్దేరారు మావారు. ఏం కొలుస్తారో అప్పటికి చెప్పలేదు.

మొదటిది ఫ్లీట్ స్ట్రీట్‌లోని ప్యాలెస్ బార్, 1823 నాటిది. ముందు కాలిబాటలోనే నలుగురు రచయితలకి ఇత్తడి ఫలకాలు పొదిగారు: బ్రెండన్ బీహన్, ఫ్లాన్ ఓబ్రయన్, ప్యాట్రిక్ కావనా, కాన్ హూలిహన్. 1940ల నాటికి ఇక్కడి వెనక గదిలో ఐరిష్ టైమ్స్ సంపాదకుడు స్మైలీ కొలువు తీరేవాడు. రచయితలకి అదే ఆఫీసు, అదే సభ. పత్రికలో అచ్చు కావాలన్నా, అచ్చయినదానికి డబ్బు రావాలన్నా ఇక్కడికి వచ్చి కూచోవాల్సిందే కాబోలు. రచయితల సంగతి పుస్తకాల్లో బోలెడు ఉంది. నేను చూసింది కౌంటరు.

పొడవాటి సన్నటి గది. ఒక పక్కంతా మహాగని కౌంటరు. దాని మీద అక్కడక్కడా అడ్డంగా చిన్న చెక్క తెరలు నిలబెట్టారు. వీటిని ఏమనాలో తోచక మేం తడికలు అని పేరు పెట్టుకున్నాం. తాటాకు తడిక కాదులెండి. రెండు పక్కలా సన్నటి స్తంభాలు, మధ్య అద్దం బిగించిన చట్రం, పైన చిన్న చూరులాంటి నగిషీ. ఇల్లంత హంగు మూరెడు చెక్కలో. ఎత్తు చూడండి. స్టూలు మీద కూచుంటే పక్కవాడి ముఖం కనపడదు, మోచెయ్యి మాత్రం తగులుతుంది. లేచి నిలబడితే గది మొత్తం కనిపిస్తుంది. కూచుంటే ఏకాంతం, నిలబడితే జాతర. నాలుగు అంగుళాలు పెంచితే గూడు అయిపోయేది, నాలుగు తగ్గిస్తే అలంకారంగా మిగిలిపోయేది. మనిషిని కూచోబెట్టి కొలిచిన వడ్రంగి గానీ ఈ ఎత్తు పెట్టలేడు.

చట్రం మూలలు వేలితో తడిమాను. రెండు చెక్కలు ఏటవాలుగా కోసి కలిపిన చోట గీత కంటికి ఆనుతుంది గానీ గోటికి ఆనదు. శీతాకాలం తేమకి ఉబ్బి, లోపలి నిప్పుల వేడికి ఎండి, మళ్ళీ ఉబ్బి, ఇన్నేళ్ళలో చెక్క ఎన్నిసార్లు ఊపిరి పీల్చి ఉంటుంది? అయినా మూల విడలేదు. మహాగనిని ఎంచుకోవడంలో ఉన్న తెలివి ఇదే. తేమ మారినా అది పెద్దగా కదలదు, మెలి తిరగదు. ఐర్లండులో పెరిగే చెట్టు కాదు. అట్లాంటిక్ అవతల కరీబియన్ దీవుల నుంచి, మధ్య అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన కలప. ఆ దుంగల వెనక బానిసల చెమట కూడా ఉంది, ఆ మాట మింగేసి నగిషీ ఒక్కటే మెచ్చుకోలేను.

గోడల మీద విస్కీ కంపెనీల పాత అద్దాలు. ఇలాంటి అద్దం పని ఎలా చేస్తారో తెలిస్తే రెండోసారి చూడకుండా ఉండలేం. అక్షరాలన్నీ అద్దం వెనక వైపు తిరగేసి రాయాలి. ఆమ్లం తినకూడని చోట పూత పూసి, మిగతాది ఆమ్లానికి వదిలేస్తే అక్కడ అద్దం పొగమంచు పట్టినట్టు అవుతుంది. బంగారు రేకు అతకాలంటే జిలటిన్ కలిపిన నీళ్ళు తడిపి, ఊపిరి తగిలినా ఎగిరిపోయే రేకుని మెత్తటి కుంచెతో ఎత్తి అద్దం మీదికి జారనివ్వాలి. ఆరాక వెనక రంగు పూసి మూసేస్తారు. అంటే పనివాడు చివరిదాకా బొమ్మని వెనక నుంచే చూస్తాడు. ముందుగా పడాల్సిన గీత ముందే పడాలి, తర్వాత దిద్దుకోవడానికి ఉండదు. మన అద్దం మీది తంజావూరు పటాలు వేసేవాళ్ళకి ఈ కష్టం తెలుసు.

ఇంతలో మావారు వాచీ విప్పి కౌంటరు మీద పెట్టారు. ఆయన కొలిచేది గిన్నిస్ పోయడానికి పట్టే కాలమట! కంపెనీవాళ్ళు చెప్పే లెక్క 119.5 సెకన్లు. గ్లాసుని నలభై అయిదు డిగ్రీలు వంచి ముప్పావు వంతు నింపుతారు. పక్కన పెట్టి వదిలేస్తారు. అది కుదుటపడ్డాక కుళాయి పిడిని వెనక్కి నెట్టి నెమ్మదిగా పై భాగం నింపుతారు. ఆ మధ్య విరామంలో గ్లాసులో ఒక వింత నడుస్తుంది. గోధుమ రంగు మేఘం ఒకటి కిందికి దిగుతుంది. బుడగలు పైకి కదా పోవాలి? గ్లాసు పైన వెడల్పు, కింద సన్నం. మధ్యలో బుడగలు పైకి లేస్తూ ద్రవాన్ని తమతో లాక్కుపోతాయి. ఆ ద్రవం గ్లాసు గోడ వెంట తిరిగి కిందికి జారుతూ అంచున ఉన్న బుడగల్ని ఈడ్చుకొస్తుంది. మనకి కనపడేది గోడ పక్కవే గనక అన్నీ దిగుతున్నాయనుకుంటాం. మామూలు బీరులో ఉండే గ్యాసుకి తోడు ఇందులో నత్రజని ఎక్కువ. దాని బుడగలు మరీ చిన్నవి, అందుకే నురగ మీగడలా నిలుస్తుంది. ఆ పద్ధతి 1959లో తెచ్చింది గిన్నిస్‌లోనే పనిచేసిన మైకేల్ ఆష్ అనే గణితం మనిషి. ఈ కంపెనీకి లెక్కల మేష్టార్ల మీద ఎందుకో గురి. అన్నట్టు ఆర్థర్ గిన్నిస్ 1759లో ఆ స్థలాన్ని ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9,000 ఏళ్ళకి లీజుకి తీసుకున్నాడు. ఆ లెక్క ఏ మేష్టారు వేశాడో.

పోసే కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయి. మొదటి గ్లాసు ఆగి ఉండగా రెండోది వంచాడు, మూడోవాడి దగ్గర డబ్బు తీసుకున్నాడు, నాలుగోవాడితో ఫుట్‌బాల్ మాట్లాడాడు. అయినా మొదటి గ్లాసు వైపు చెయ్యి సరిగ్గా అది కుదుటపడిన క్షణానికే వెళ్ళింది. చూసి కాదు, అలవాటుతో. అన్నం వార్చే ఆడమనిషి గిన్నె మూత తియ్యకుండానే ఉడికిందో లేదో చెప్పినట్టు. మావారి వాచీలో రెండు నిమిషాల ఏడు సెకన్లు.

అక్కణ్ణించి డేమ్ స్ట్రీట్. అక్కడ కాలిబాటలో మొజాయిక్ రాళ్ళతో దుప్పి తల పొదిగి ఉంది, తొక్కుకుంటూ పోతే తెలియదు. అదే దారి బోర్డు. పక్క సందులో దూరితే స్టాగ్స్ హెడ్ వస్తుంది. ఇప్పుడు కనిపించే కట్టడం 1895 నాటిది. లోపలికి అడుగు పెట్టగానే నేను ఆగిపోయాను. ఎదురుగా పెద్ద దుప్పి తల, దాని సంగతి అలా ఉంచండి. రంగుటద్దాల కిటికీల్లోంచి సాయంత్రపు ఎండ తేనెరంగులో వచ్చి ఎర్రటి పాలరాతి కౌంటరు మీద పడుతోంది. జూన్‌లో ఇక్కడ పది దాకా వెలుతురే. వెనక గదికి పైకప్పు కూడా రంగుటద్దాలే. గోడల మహాగని ఆ వెలుగులో చెక్కలా లేదు, పాకం పట్టిన బెల్లంలా ఉంది.

ఆ మెరుపు నాకు తెలుసు. పందొమ్మిదో శతాబ్దంలో ఇలాంటి సామానుకి పెట్టింది లక్క మెరుగు. లక్కని స్పిరిట్‌లో కరిగించి, ఉన్ని ఉండ మీద నూలు గుడ్డ చుట్టి, అందులో ముంచి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ చెక్క మీద రుద్దాలి. గుడ్డ పట్టెయ్యకుండా ఒక్క చుక్క అవిసె నూనె. చెయ్యి ఆగకూడదు, ఆగిన చోట మచ్చ పడుతుంది. ఒక పూత ఆరాక ఇంకొకటి, అలా రోజుల తరబడి. ఒక్కో పూత ఉల్లిపొర కన్నా పలచన. ఆ కాలంలో యూరపుకి లక్క వెళ్ళింది ప్రధానంగా మన దేశం నుంచే. మనవాళ్ళు ఒరిపిడి వేడితో కరిగించి బొమ్మకి పట్టించారు, వాళ్ళు స్పిరిట్‌తో కరిగించి బల్లకి పట్టించారు. లక్క పురుగు ఒకటే, మెరుపు ఒకటే. ఇప్పుడు మరమ్మతుల్లో ఏ వార్నిష్ వేసినా పనికి పునాది అది.

ఇక్కడో తమాషా ఉంది. స్పిరిట్‌లో కరిగేదానికి స్పిరిటే శత్రువు. విస్కీ ఒలికిందంటే లక్క మెరుగు మెత్తబడుతుంది, తెల్లటి మచ్చ కట్టుకుంటుంది. అంటే ఈ కొట్టులో అమ్మే సరుకే ఈ కొట్టు అందాన్ని తినేస్తుంది. ఆ సంగతి కట్టినవాళ్ళకి తెలియకపోలేదు. మందు ఒలికే చోట రాయి వేశారు, ఒలకని చోట నగిషీ చేశారు. గోడకి మెరుపు, బల్లకి పాలరాయి. ఈ పొందిక చూసి నేను మావారి చెయ్యి పట్టుకుని ఊపాను. ఆయన వాచీ చూసుకుంటున్నారు. రెండు నిమిషాల పదకొండు. పక్క బల్లవాళ్ళ గ్లాసు అది, ఆయన తనది ఇంకా ముగించలేదు.

మూడోది లాంగ్ హాల్, సౌత్ గ్రేట్ జార్జెస్ స్ట్రీట్‌లో. లైసెన్సు 1766 నుంచి ఉంది, లోపలి హంగు 1881 నాటిది. ఎర్ర కప్పు, షాండిలియర్లు, అద్దాలు, గది మధ్యలో చెక్కిన కమాను, కమానులో గడియారం. అందరూ మెచ్చుకునేది దీన్నే. నాకు మాత్రం కాస్త పెళ్ళి మంటపంలా అనిపించింది, కంటికి నిలవడానికి చోటు లేదు. ఆ కమాను ఒక్కటీ ఏ ఖాళీ గదిలోనో ఉంటే దణ్ణం పెట్టేదాన్ని.

అసలు ఇంత హంగు ఎందుకు చేశారన్నది అక్కడ కూచున్నప్పుడే తట్టింది. 1838లో కార్క్ నగరంలో ఫాదర్ థియోబాల్డ్ మాథ్యూ మొదలుపెట్టిన మద్యనిషేధ ప్రమాణాల ఉద్యమం లక్షల మందిని కదిలించింది. ఆ ఊపు తర్వాత తగ్గింది గానీ మద్యం కొట్టుకి అంటిన చెడ్డపేరు పోలేదు. పేరు చెడేకొద్దీ దుకాణదారు గౌరవాన్ని కొనుక్కోవాల్సి వచ్చింది. గుడికి చేసే వడ్రంగిని, బ్యాంకుకి వేసే పాలరాయిని తెచ్చి సారా పీపాల ముందు నిలబెట్టాడు. ఆ శతాబ్దం చివరి ఇరవై ఏళ్ళలో డబ్లిన్‌లో మంచి పబ్బులు ఇన్ని పుట్టడానికి అదొక కారణమని నా నమ్మకం. మందు మానిపించాలనుకున్నవాళ్ళ పుణ్యమా అని చెక్క పని బాగుపడింది.

లాంగ్ హాల్‌కి ఆ పేరు ఒకప్పుడు పక్కన ఉన్న పొడుగాటి నడవ వల్ల వచ్చిందని చెబుతారు. ఆడవాళ్ళు ఆ నడవలో, మగవాళ్ళు లోపల. ఆ మాట నాతో పాటే నాలుగో పబ్బుకి వచ్చింది.

సౌత్ ఆన్ స్ట్రీట్‌లోని కెహోస్ 1803 నాటిది. మూడింటిలా తళుకు లేదు, అన్నీ అరిగి ఉన్నాయి. కౌంటరు వెనక వరసగా చిన్న చిన్న చెక్క సొరుగులు. ఒకప్పుడు ఇది కిరాణా కొట్టు కూడా. టీ, కాఫీ, బియ్యం ఆ సొరుగుల్లో ఉండేవి. ఒక చేత్తో టీపొడి పొట్లం కట్టి, ఇంకో చేత్తో విస్కీ కొలిచేవారు. సరుకులకని వచ్చిన ఇల్లాలు ఒక గుక్క తాగి వెళ్ళినా ఊరికి తెలియదు. మేడ మీద యజమాని కాపురం ఉండేవాడు. ఆయన పోయాక ఆ గదుల్ని పెద్దగా మార్చకుండానే జనానికి తెరిచారు. పైకి వెళ్ళి కూచుంటే ఎవరింటికో పేరంటానికి వెళ్ళినట్టుంటుంది.

వాకిలి పక్కనే ఒక గూడు ఉంది. స్నగ్ అంటారు. ఆరుగురు ఇరుక్కుంటే నిండిపోయే చెక్క గది, సొంత తలుపు, కౌంటరులోకి తెరుచుకునే చిన్న కిటికీ. కిటికీ తడితే గ్లాసు వస్తుంది, ముఖాలు కలవవు. పాద్రీలు, డ్యూటీలో ఉన్న పోలీసులు, అన్నిటికన్నా ఎక్కువగా ఆడవాళ్ళు ఇలాంటి గూళ్ళలో తాగేవారు. బెల్‌ఫాస్ట్‌లోని క్రౌన్ సెలూన్‌లో ఇలాంటివి పది ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాలు ఏ నుంచి జే దాకా పేర్లతో, ఒక్కోదానికీ పిలుపు గంటతో. దాన్ని 1978లో నేషనల్ ట్రస్టు కొని కాపాడుతోంది. మా అదృష్టం, కెహోస్ గూడు ఖాళీగా ఉంది. దూరి తలుపు వేసుకున్నాం.

ప్యాలెస్ బార్‌లో నేను మురిసిపోయిన తడికే ఇక్కడ పెరిగి గోడ అయింది. అక్కడ మగవాడికి కాసేపు ఏకాంతం ఇచ్చిన చెక్క ఇక్కడ ఆడమనిషిని కనపడకుండా చేసింది. పనితనంలో తేడా లేదు. మూలలు అంతే బిగువు, పలకల అంచులు అంతే నున్నన. మెచ్చుకోవాలో కోపం తెచ్చుకోవాలో తేలక కాసేపు గోడకి ఆనుకుని కూచున్నాను. ఈ చెక్కల మధ్య ఎందరు ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని, ఎవరి కంటా పడకుండా, నోటికొచ్చిన మాట మాట్లాడుకుని ఉంటారు! దాచిపెట్టిన గది కాస్తా వాళ్ళ సొంత గది అయిపోలేదని ఎలా అనను?

1970ల్లో కూడా డబ్లిన్‌లో చాలాచోట్ల ఆడవాళ్ళకి పైంట్, అంటే 568 మిల్లీలీటర్ల నిండు గ్లాసు, పోసేవారు కాదు. సగం గ్లాసే మర్యాద. నెల్ మెకాఫర్టీ అనే పాత్రికేయురాలు ముప్పై మంది ఆడవాళ్ళని వెంటబెట్టుకుని ఒక పబ్బుకి వెళ్ళి ముప్పై బ్రాందీలు చెప్పిందట. అన్నీ వచ్చాక ఒక్క పైంట్ గిన్నిస్ అడిగింది. పొయ్యం అన్నారు. మీరు పొయ్యకపోతే మేం ఇవ్వం అని, బ్రాందీలు తాగేసి డబ్బు కట్టకుండా నడిచి వచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇలాంటి వివక్షని నిషేధిస్తూ ఈక్వల్ స్టేటస్ చట్టం వచ్చింది 2000లో.

ఈ కథ విని మావారు కిటికీ తట్టబోయారు. "ఉండండి, నేను తడతాను" అన్నాను. మద్యం లేని గిన్నిస్ ఒకటి ఉంది, సున్నా సున్నా అంటారు. నిండు పైంట్ చెప్పాను. పిల్ల ఒకతె కిటికీ తెరిచి, నవ్వి, పోసి ఇచ్చింది. రుచి మాడిన కాఫీకి, రాగి జావకి మధ్యలో ఉంది. సగం మావారు తాగారు. ఆయన నాలుగో కొలత తప్పిపోయింది, గోడ అడ్డం గనక పోయడం కనపడలేదు. మూడు కొలతలతో గోసెట్ ఏమంటాడో దారంతా ఆలోచిస్తూ వచ్చారు.

ఆ కిటికీ గడప గురించి చెప్పి ముగిస్తాను. లక్క అక్కడ ఎప్పుడో పోయింది. గ్లాసు అడుగులు జరిగి జరిగి చెక్క మధ్యలో చిన్న దోనెలా పల్లమైంది, చేతుల జిడ్డుతో నల్లబడింది. వేలు పెట్టి ఆ గడప కింది వైపు తడిమాను. ఎవరి కంటికీ ఆనని ఆ అడుగు భాగం కూడా చిత్రిక పట్టి, అంచు గుండ్రంగా తీసి ఉంది. ఏటికొప్పాక పెద్దాయనకి చూపించవలసిన చెక్క.

మీరు ఎప్పుడైనా డబ్లిన్ వెళ్తే, తాగినా తాగకపోయినా, పనిదినం చూసి మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకి వెళ్ళండి. సాయంత్రం ఆరు దాటితే జనం, చెక్క కనపడదు. గూడు ఖాళీగా ఉంటే మొహమాటపడకుండా కూచోండి. కౌంటరు అడుగున మాత్రం చూసుకుని చెయ్యి పెట్టండి, రెండు చోట్ల నాకు చూయింగ్ గమ్ తగిలింది.